తాళం వేసిన ల్యాబులో కంప్యూటర్ చదువు

మూడేళ్లపాటు నేను కంప్యూటర్‌ను నల్లబల్ల మీద సుద్దముక్కతో నేర్పాను. గొప్ప కోసం చెప్తున్న మాట కాదు, ఒళ్లు మండి చెప్తున్న మాట. ఎందుకంటే నేను బొమ్మలు గీస్తున్న తరగతికి పక్క గదిలోనే అసలు కంప్యూటర్లు వరసగా కూర్చుని ఉండేవి. వాటి మీద గుడ్డ కవర్లు, గదికి తాళం, ఆ తాళంచెవి మా కరస్పాండెంట్‌గారి బనీను జేబులో. అరచేతిలో ఫోను పెట్టుకుని పుట్టినట్టు తిరిగే మీకు ఇదంతా కట్టుకథలా అనిపించొచ్చు. రిటైరయ్యాక డాక్టరు నన్ను కోపం తగ్గించుకోమన్నాడు. ఈ ఒక్క సంగతి మినహాయించి మిగతావన్నీ తగ్గించుకున్నాను.

తొంభైలు ముగుస్తున్న రోజులవి. నిజామాబాద్‌లో ఏ వీధి మలుపు తిరిగినా కంప్యూటర్ కోర్సు బోర్డు కనిపించేది. మా కాలేజీ పసుపు మార్కెట్ యార్డుకు దగ్గర్లో ఉండేది. మా కరస్పాండెంట్‌గారు, అంటే కాలేజీ యజమాని, అసలు రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి. ఏర్గట్ల వైపు రైతులు తెచ్చే పసుపు బస్తాలు ఆయన దుకాణం ముందే దిగేవి. మనిషి మంచివాడు, మోసం తెలియనివాడు. చిన్నప్పుడే చదువు మానేసి దుకాణంలో కూర్చోవలసి వచ్చింది కాబట్టి చదువంటే ఆయనకు విపరీతమైన భక్తి. నా కష్టాలన్నీ ఆ భక్తి దగ్గరే మొదలయ్యాయి.

డిగ్రీలో సమాచార నిర్వహణ, సాంకేతికత కలిపి ఒక కొత్త కోర్సు వచ్చిందని తెలిసి, యూనివర్సిటీ చుట్టూ తిరిగి అనుమతి తెచ్చాడు. హైదరాబాద్ నుంచి కంప్యూటర్లు తెప్పించాడు. మేడ మీది గదికి ఏసీ పెట్టించాడు. నేను అప్పటిదాకా కామర్స్ లెక్చరర్‌ని. సెలవుల్లో ఊరికే ఉండలేక ఒక కంప్యూటర్ డిప్లొమా చేసొచ్చిన పాపానికి ఆ కోర్సును తెచ్చి నా నెత్తిన పెట్టారు.

ప్రారంభోత్సవం నాడు సరిగ్గా రిబ్బను కత్తిరించే వేళకు కరెంటు పోయింది. వచ్చిన పెద్దలు ఆ నల్లటి తెరల పక్కన నిలబడి ఫొటోలు దిగారు, మిఠాయి తిన్నారు, వెళ్లిపోయారు. మళ్లీ కరెంటు వచ్చేసరికి కవర్లు కప్పేసి తాళం వేసేశారు. మర్నాడు నేను తాళంచెవి కోసం యార్డుకు వెళ్లాను. ఆయన దుకాణంలో బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు.

"సార్, పిల్లలకు ప్రాక్టికల్స్ షురూ చెయ్యాలె. తాళంచెవి ఇస్తరా?"

"సారూ, గవి ఆడుకునే బొమ్మలా? ముందుగాల మీరు బోర్డు మీద మంచిగ చెప్పుండ్రి. పిల్లలకు చెయ్యి తిరిగినంక మిషిన్ల ముంగట కూసోవెడ్దాం."

"మిషిన్ల ముంగట కూసోకుంట చెయ్యెట్ల తిరుగుతది సార్?"

"గట్ల గాదు సారూ. మీరే సూడుండ్రి, ఎంత దుమ్మున్నదో. దుమ్ము తగలొద్దని కంపెనీ ఆయన నాకు చెవుల ఇల్లు గట్టుకొని చెప్పి పోయిండు."

దుమ్ము మాట అబద్ధం కాదు. పసుపు సీజను వచ్చిందంటే మా కాలేజీలో చొక్కాలు, బెంచీలు, టీ గ్లాసులు, హాజరు పట్టీలు అన్నీ పచ్చబడేవి. ఆ కంపెనీ మనిషి దుమ్ము గురించి ఒక్క ముక్క చెప్పి తన దారిన తాను పోయాడు. ఈయన దాన్ని మంత్రోపదేశంలా పట్టుకున్నాడు. కిటికీ సందులకు కాగితాలు అతికించాడు. చెప్పులు బయట విడవాలన్నాడు. అడ్మిషన్ల సమయంలో పిల్లల తల్లిదండ్రులను తీసుకొచ్చి తలుపు అద్దంలోంచి ల్యాబును చూపించేవాడు. వాళ్లు చేతులు కట్టుకుని చూసి, తృప్తిగా ఫీజు కట్టి వెళ్లేవాళ్లు. లోపల ఉన్నవి వెలుగుతాయా లేదా అని అడిగినవాడు ఒక్కడు లేడు.

అలా నేను బోర్డు మీద పడ్డాను. కీబోర్డు గీశాను. చివరి బెంచీకి కూడా కనపడాలని మౌసును తలగడంత గీశాను. ప్రోగ్రాములు రాసేవాణ్ని. ప్రోగ్రాము కింద గీత కొట్టి, దాన్ని నడిపిస్తే ఏం వస్తుందో నేనే రాసేవాణ్ని. పిల్లలు అదంతా రికార్డులో ఎక్కించుకునేవాళ్లు. నా నల్లబల్ల మీద ఏ ప్రోగ్రామూ ఎన్నడూ ఆగిపోలేదు. తప్పులు చూపించడానికి అది కంప్యూటర్ అయితే కదా.

నెలకోసారి తాళంచెవి అడగడం, నెలకోసారి లేదనిపించుకోవడం నాకు అలవాటైంది. ప్రిన్సిపాల్‌గారికి చెప్తే "పెద్దాయనతోటి మనకెందుకు" అనేవారు. గణితం చెప్పే మిత్రుడు మరీ ఘోరం. స్టాఫ్‌రూములో నన్ను చూడగానే "ఏమన్నా, ఇయ్యాల దర్శనం అయిందా?" అని అడిగి నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

రెండో ఏడు వచ్చేసరికి స్తోమత ఉన్న పిల్లలు ప్రైవేటు సెంటర్లకో, హైదరాబాదుకో పోయి నేర్చుకున్నారు. కొందరు కోర్సే మార్చుకున్నారు. చివరికి మిగిలింది గుప్పెడు మంది. ఎక్కడికీ పోలేనివాళ్లు. వాళ్లలో ఒక అమ్మాయి గురించే ఈ కథంతా.

ఆ అమ్మాయిది బీడీలు చుట్టే ఇల్లు. తండ్రి లేడు. తెల్లారి లేచి తల్లితోపాటు బీడీలు చుట్టి కాలేజీకి వచ్చేది, ఇంటికి పోయి మళ్లీ చుట్టేది. తరగతిలో మొదటి బెంచీ. నేను బోర్డు మీద ఏదైనా గబగబా తుడిచేస్తే "సార్, ఉండుండ్రి సార్" అని ఆపేది. ఎవరూ అడగని ప్రశ్నలు అడిగేది. ఒకసారి "సార్, మనం తప్పు రాస్తే గది ఎట్ల జెప్తది?" అంది. "తెర మీద ఏదో రాస్తుందమ్మా" అని దాటేశాను. ఎలా రాస్తుందో బోర్డు మీద చూపించే ఓపిక ఎవరికుంది.

చివరి ఏడాది ఒకరోజు వాళ్లమ్మ కాలేజీకి వచ్చింది. పొగాకు వాసన, కొంగుతో తుడుచుకుంటున్న కళ్లు. పక్కన ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడి ఉంది.

"సారూ, ఒక్క మాట అడుగుత, నారాజ్ గాకుండ్రి. మా పొల్ల ఇన్నేండ్ల సంది కంపూటర్ సదువుతున్న అంటది. ఇంట్ల సూస్తే అచ్చరాలు రాసిన ఒక అట్టముక్క ముంగట వెట్టుకొని దాని మీద ఏళ్లతోటి కొట్టుకుంట కూసుంటది. దీనికి కంపూటర్ వచ్చినట్టా, రానట్టా?"

"వస్తదమ్మా. మంచిగ చదువుతది" అన్నాను.

"నా కండ్లు గుంజుతున్నయి సారూ. దారం సుడుతుంటే రెండు కండ్లల్ల నీళ్లు గారుతున్నయి. నాతోటి ఎల్తలేదు. ఈ పరీచ్చ పాసైతే ముంగట సదువనిస్త, ఎట్లనన్న జేసి ఎల్లదీస్త. తప్పిందనుకో, కార్ఖానాల దీని పేరు రాపిచ్చి బీడీలకు కూసోవెడ్త. ఇంకో ఏడు ఆగుడు నాతోటి గాదు."

"అవ్వా, నేను పాసైత అని చెప్పిన గద" అంది ఆ అమ్మాయి మెల్లగా.

"నువ్వు జెప్పుడు గాదు. సార్ జెప్పాలె."

నేను చెప్పాను. ధైర్యంగానే చెప్పాను. వాళ్లు మెట్లు దిగి వెళ్లాక పోయి, తాళం వేసి ఉన్న పక్క గది తలుపును ఒకసారి లాగి చూశాను. థియరీలో ఆ అమ్మాయికి తిరుగులేదు. మొదటి రెండేళ్లూ ప్రాక్టికల్ మార్కులు రికార్డు చూసి మేమే వేశాం. కానీ చివరి ఏడాది బయటి ఎగ్జామినర్ వచ్చి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష తప్పితే కోర్సు తప్పినట్టే.

ఆ పరీక్షకు ఒక్కొక్కరు ఒక ప్రాజెక్టు చేయాలి. ఈమె మేనమామ బోధన్ దగ్గర చెరుకు వేస్తాడు. చెరుకు పెరిగింది కదా అని రైతు తన ఇష్టం వచ్చిన రోజు నరకడానికి లేదు. ముందు నాటినవాడికి ముందు అన్నట్టు ఫ్యాక్టరీవాళ్లు వరస ప్రకారం కటింగ్ ఆర్డర్ ఇవ్వాలి. వంతు వెనకబడితే చెరుకు నిలబడే ఎండిపోయి బరువు తగ్గుతుంది. ఆ వంతుల వరసను కంప్యూటర్‌తో వేయించే ప్రోగ్రాము రాస్తానంది. నాకు నచ్చింది. బోధన్ అవతల ఉన్న ఒక ఫ్యాక్టరీకి పిల్లలందర్నీ తీసుకెళ్లాను. అక్కడి కేన్ ఆఫీసరు, అంటే చెరుకు వ్యవహారాలు చూసే ఆయన, ఆవరణలోనే నిలబెట్టి ఓపికగా అన్నీ వివరించాడు. లెక్కలకు ఆఫీసులో కంప్యూటర్లు ఉన్నాయన్నాడు గానీ లోపలికి తీసుకెళ్లలేదు. ఆ అమ్మాయి ప్రోగ్రాము మొత్తం రాసింది. కాగితం మీద.

పరీక్షలు దగ్గరపడ్డాక మళ్లీ యార్డుకు పరిగెత్తాను. "కనీసం ప్రాజెక్టుల కోసమన్న తలుపు తియ్యుండ్రి సార్" అన్నాను.

"పరీక్ష నాడు తీస్తం గద సారూ. గప్పటిదాక కొత్తగ ఉండనియ్యుండ్రి. వచ్చిన పెద్దసారు చూసి ఖుష్ అయితడు."

ఆ రోజు నేను రాజీనామా చేయాల్సింది. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు గుర్తొచ్చి టీ తాగి తిరిగొచ్చాను.

పరీక్ష రోజు రానే వచ్చింది. పసుపు సీజను ముమ్మరంగా ఉంది. కరస్పాండెంట్‌గారు యార్డు వదిలి రాలేనని అటెండరు చేతికి తాళంచెవి ఇచ్చి పంపాడు. ఎగ్జామినర్‌గారు వేరే ఊరినుంచి పొద్దున్నే దిగారు. సన్నగా, చిరాకు మొహంతో, చేతిలో చిన్న సంచితో. సాయంత్రం రైలుకు తిరిగి వెళ్లాలని మొదటి మాటే అన్నారు. పిల్లలు హాల్‌టికెట్లు పట్టుకుని వరండాలో నిలబడ్డారు. తలుపు తీశాం. కవర్లు తొలగించాం. స్విచ్చి వేయగానే తెరలన్నీ వెలిగాయి. నాకు కాస్త ఊపిరి వచ్చింది.

ఆ కాలంలో ఫ్లాపీ అని చదరపు పలకలాంటిది ఒకటి ఉండేది. ప్రశ్నలు, వాటికి కావలసిన సమాచారం అందులోనే ఎగ్జామినర్ తెస్తాడు. పిల్లలు చేసిన పనిని కూడా అందులోకే ఎక్కించుకుని తీసుకుపోతాడు. కంప్యూటర్ ముందుభాగంలో దానికి ఒక సన్నటి సందు ఉండేది. ఎగ్జామినర్‌గారు మొదటి కంప్యూటర్ సందులో ఫ్లాపీ పెట్టబోయారు. పోలేదు. కొంచెం గట్టిగా నెట్టారు. లోపల ఏదో పటుక్కుమంది. రెండో కంప్యూటర్‌లో పెట్టారు. అదీ పోలేదు. మూడోదానిలో వంగి చూసి, జేబులోంచి పెన్ను తీసి సందులో గెలికారు. బూడిద రాలింది. ఆ వెనకే ఒక కాలిన అగర్‌బత్తి పుల్ల బయటికి వచ్చింది.

ఆయన ఆ పుల్లను పైకెత్తి పట్టుకుని నన్ను చూశారు. నేను అటెండర్ను చూశాను.

"దసరకు మన కాలేజీ సేటు ఇంటోళ్లు వచ్చి పూజ జేసిండ్రు సార్" అన్నాడు అటెండరు, ఇందులో వింతేముందన్నట్టు. "అగర్‌బత్తి కుచ్చనీకె ఏడ జాగ దొరకలే. గా సందు మంచిగున్నది గదాని అందుల వెట్టిండ్రు."

"అన్నిట్లనా?"

"ఒకదానికి వెట్టి ఇంకోదానికి వెట్టకుంటే ఎట్ల సార్? అన్నిటికి వెట్టిండ్రు. రెండు రెండు."

ఎగ్జామినర్‌గారు పుల్లను టేబుల్ మీద పెట్టి చేతులు దులుపుకున్నారు. "మీ కాలేజీల కంప్యూటర్ పాఠాలు చెప్తరా, పూజలు చేస్తరా?" అన్నారు. దసరా నుంచి ఒక్కసారైనా ఎవరైనా వీటి ముందు కూర్చుని ఉంటే ఈ సంగతి తెలిసేదే కదా అని కూడా అన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని కాగితం తీశారు.

"నేను రాసేది ఒక్కటే వాక్యం. ల్యాబ్ లేదు, పరీక్ష జరపలేదు. మీరు సంతకం పెట్టాలె."

"సార్, పిల్లల ఏడాది పోతది."

"నేను పోగొట్టిన్నా?"

ఆయన మాటలో తప్పేమీ లేదు, అదే నా ఖర్మ. వరండాలోంచి ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. మిగతావాళ్లకు పోతే ఏడాది పోతుంది. ఈమెకు చదువే పోతుంది. ఆ ఒక్క ఆలోచనతో నా బుర్ర పనిచేసింది. "సార్, పనిచేసే మిషిన్లు చూపిస్తే పరీక్ష పెడ్తరా?" అన్నాను. "ఈ ఊర్లనా?" అన్నారు. "బోధన్ దిక్కు" అన్నాను.

ఫ్యాక్టరీకి ఫోను చేశాను. కేన్ ఆఫీసరు కాసేపు ఆలోచించి, "భోజనం గంట మీది సారూ. గంట కాంగనే కిటికీ తెరవాలె. సీజన్ల రైతులు ఆగరు" అన్నాడు. ఎగ్జామినర్‌గారు గడియారం చూసుకున్నారు, వరండాలో పిల్లల్ని చూశారు, మళ్లీ గడియారం చూసుకున్నారు. తర్వాత సంచి భుజాన వేసుకుని "రైలు తప్పితే రాత్రికి మీ ఇంట్లనే పండుకుంట" అని లేచారు.

అందరం బోధన్ బస్సెక్కాం. దారంతా చెరుకు ట్రాక్టర్లు. ఒకదాన్ని దాటితే ముందర ఇంకొకటి. ఎగ్జామినర్‌గారు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని నిమిషానికోసారి నిట్టూరుస్తున్నారు. ఆ అమ్మాయి నా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"సార్, మౌసు మీరు బోర్డు మీద గీసినంత పెద్దగుంటదా?"

"కాదమ్మా. చేతిల పట్టేంతనే ఉంటది."

"ఒక చేత్తోటి పట్టుకోవచ్చునా?"

మూడో సంవత్సరం డిగ్రీ విద్యార్థిని, పరీక్షకు పోతూ అడిగిన ప్రశ్న ఇది. నవ్వాలో ఏం చేయాలో తెలియక కిటికీలోంచి బయటికి చూశాను.

ఫ్యాక్టరీ దగ్గర దిగగానే చెరుకు మడ్డి వాసన ముక్కు బద్దలు కొట్టింది. ఆవరణ నిండా బండ్లు, ట్రాక్టర్లు, మరాఠీలో కేకలు వేసుకుంటున్న చెరుకు కోత కూలీలు. కేన్ ఆఫీసు కిటికీ ముందు కటింగ్ ఆర్డర్ల కోసం రైతులు గుంపుగా నిలబడి ఉన్నారు. లోపల కంప్యూటర్లు చూశాక నా కోపం రెట్టింపయింది. పొయ్యిలోంచి ఎగిరొచ్చిన బూడిద వాటి మీద పేరుకుని ఉంది. కీబోర్డుల మీద టీ మరకలు, ఎవరిదో బెల్లం చేతి జిగురు. అన్నీ పనిచేస్తున్నాయి. మా కరస్పాండెంట్‌గారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అక్కడ నిలబెట్టాలనిపించింది.

పిల్లలు వంతులవారీగా కూర్చున్నారు. మొదట ఎవరికీ చెయ్యి ఆడలేదు. ఒకడు మౌసును గాల్లోకి లేపి తెరకు గురిపెట్టాడు. ఎగ్జామినర్‌గారు కళ్లు మూసుకుని, తెరిచి, "కింద పెట్టి జరుపు నాయనా" అన్నారు. చిన్న చిన్న ప్రాజెక్టులే కాబట్టి కిందా మీదా పడి ఒక్కొక్కరు బయటపడ్డారు. ఆ అమ్మాయిది చివరి వంతు. అప్పటికి భోజనం గంట ముగింపుకు వచ్చింది. కిటికీ అవతల రైతులు చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తున్నారు.

ఆమె కూర్చుంది. రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టింది. ఒక అక్షరం నొక్కి ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది.

"సార్, వస్తున్నయి సార్! నేను కొడ్తుంటె వస్తున్నయి!"

అట్టముక్క మీద అంతకాలం కొట్టిన వేళ్లకు మొదటిసారి అక్షరం కనబడింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది ఎగ్జామినర్‌గారు చూడకుండా పక్కకు తిరిగాను. ఆ తర్వాత ఆ అమ్మాయి ఆగలేదు. కీబోర్డు వంక చూడకుండా, కాగితం వంక మాత్రమే చూస్తూ ప్రోగ్రామంతా కొట్టేసింది. కొట్టి, నడిపించింది.

తెర మీద ఎర్రర్ వచ్చింది.

ఆమె మొహం పాలిపోయింది. "సార్, ఇదేంది సార్? మన బోర్డు మీద ఇది ఎన్నడు రాలే గద" అంది నాతో. నేను నోరు తెరవబోయేంతలో ఎగ్జామినర్‌గారు చెయ్యి అడ్డం పెట్టారు. పరీక్షలో నేను చెప్పడానికి లేదు. కేన్ ఆఫీసరు గడియారం వైపు చూశాడు. కిటికీ దగ్గర నుంచి ఒక ముసలి రైతు "ఏమైంది బిడ్డా, మిషిని అలిగిందా?" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆమె కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి. ఇక అయిపోయిందనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

"సార్ దిక్కు సూడకు" అన్నారు ఎగ్జామినర్‌గారు. గొంతులో పొద్దుటి కరుకు లేదు. "ఎర్రర్ అంటే ఫెయిల్ అయినట్టు గాదమ్మా. అది నీతోటి మాట్లాడుతున్నది. ఏం చెప్తున్నదో చదువు."

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుని చదివింది. ఒకసారి, ఇంకోసారి. మొదలుపెట్టిన ఒక పనిని ఎక్కడ ముగించాలో ప్రోగ్రాములో చెప్పలేదు. ఆ వాక్యం చేర్చి మళ్లీ నడిపించింది. ఈసారి రైతుల పేర్లు, నాటిన తేదీలు బారుగా తెర మీదికి దిగాయి. నేను అమ్మయ్య అనుకున్నాను. ముసలి రైతు చువ్వల్లోంచి మెడ సాచి, పక్కనున్న చదువుకున్నవాడితో తేదీలు చదివించుకున్నాడు.

"గిదేం వరుస బిడ్డా? నిన్న నాటినోడు ఇయ్యాల నరికితె, మొదాలు నాటినోడు ఏం గావాలె?"

వరస తలకిందులుగా వచ్చింది. ఆలస్యంగా నాటినవాళ్లు పైన, ముందు నాటినవాళ్లు అడుగున. బయట మళ్లీ నవ్వులు. ఈసారి ఆమె ఏడవలేదు. ఎవరి వైపూ చూడలేదు. "ఉండు తాతా, ఇప్పుడే సక్కగ జేస్త" అంటూనే ప్రోగ్రాములోకి పోయి ఒక చోట మార్చి మళ్లీ నడిపించింది. వరస చక్కబడింది. ముసలాయన తల ఊపి, "ఆఁ, గిప్పుడు బరాబరున్నది" అన్నాడు. కేన్ ఆఫీసరు లేచి కిటికీ తలుపు తీశాడు.

ఎగ్జామినర్‌గారు ఫ్లాపీలన్నీ సంచిలో వేసుకుంటూ, "ఈ పిల్ల ముందుగాల ఎన్నిసార్లు నడిపించింది దీన్ని?" అని అడిగారు. "ఇదే మొదటిసారి సార్" అన్నాను. "ఈ ప్రోగ్రాము సంగతి గాదయ్యా, ఇంతకుముందు కంప్యూటర్ ముంగట ఎన్నిసార్లు కూసున్నది అని." "అదే చెప్తున్న సార్, ఇదే మొదటిసారి." ఆయన నన్ను ఎగాదిగా చూసి, సంచి మూతి బిగించి బయటికి నడిచారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం యార్డుకు పోయి కరస్పాండెంట్‌గారికి మొత్తం చెప్పాను. అగర్‌బత్తి సంగతి విని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"పూజ జేస్తే మిషిన్లు ఖరాబైతయా సారూ? మా కాంటకు ఏటా జేస్తరు. ఏం గాలేదు."

వారం తిరక్కుండా మనిషిని పిలిపించి డ్రైవులన్నీ బాగు చేయించాడు. కొత్త కవర్లు కుట్టించాడు. మళ్లీ తాళం వేశాడు. నేను స్టాఫ్‌రూములో తల పట్టుకుని కూర్చుంటే గణితం మిత్రుడు కూడా ఆ రోజు దర్శనం మాట ఎత్తకుండా టీ తెచ్చి ముందు పెట్టాడు.

ఫలితాలు వచ్చాయి. ఆ అమ్మాయి పాసైంది. ప్రాక్టికల్‌లో ఆమెకు వచ్చిన మార్కులు చూసి ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. తల్లి వచ్చి, "పెద్ద సదువు సదువుత అంటున్నది సారూ. సదువనియ్యి. మాటిచ్చిన గద" అంది. కళ్లకు ఆపరేషన్ చేయించుకుంటానని కూడా చెప్పింది.

కరస్పాండెంట్‌గారి ఆనందానికి హద్దు లేదు. కొత్త అడ్మిషన్ల కరపత్రం మీద ఆ అమ్మాయి ఫొటో వేయాలన్నాడు. ల్యాబు తెరిపించి, ఒక కంప్యూటర్ కవరు తీయించి, ఆమెను ముందు కూర్చోబెట్టాడు. ఫొటోగ్రాఫరు వచ్చాడు. తల్లి ఒక మూల నిలబడింది. తలుపు బయట జూనియర్ పిల్లలు గుమిగూడారు.

"చేతులు దాని మీద పెట్టు బిడ్డా. కొడ్తున్నట్టు పెట్టు" అన్నాడు కరస్పాండెంట్‌గారు.

"ఆన్ చెయ్యుండ్రి సార్" అంది ఆమె.

"ఆన్ ఎందుకు? ఫొటోల ఏం తెలుస్తది?"

"ఆన్ చెయ్యకుంటె నేను ఫొటో దిగ సార్."

తల్లి "ఓ పొల్లా" అని గదమాయించబోయి ఆగిపోయింది. కరస్పాండెంట్‌గారు నా వైపు తిరిగాడు. "సారూ, మీరన్న చెప్పుండ్రి."

"నేను మూడేండ్ల సంది చెప్తున్న సార్" అన్నాను.

ఆయన పంచె సర్దుకుని కంప్యూటర్ ముందు వంగాడు. పక్కన చూశాడు, వెనక చూశాడు. స్విచ్చి ఎక్కడుందో ఆయనకు తెలియదు. నాకు అప్పుడు అర్థమైంది, ఆయన తన కంప్యూటర్లు వెలగగా ఒక్కసారి కూడా చూడలేదు. ఆ అమ్మాయి వేలితో చూపించింది. ఆయన భయం భయంగా నొక్కి రెండడుగులు వెనక్కి వేశాడు. తెర వెలిగింది. నెమ్మదిగా మళ్లీ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, నా పేరు వస్తదా ఇందుల?"

ఆమె కొట్టింది. ఆయన పేరు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద నిలిచింది. దుకాణం బోర్డు మీద రోజూ చూసే అక్షరాలే కాబట్టి గుర్తుపట్టి, ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువుకున్నాడు.

"గింతేనా సారూ?" అన్నాడు నాతో.

"గింతే సార్" అన్నాను. నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండిపోయింది. ఈ గింత భయాన్ని లోపల దాచుకుని దుమ్ము, దుమ్ము అంటూ ఇంతమంది పిల్లల కాలం తినేశాడు.

ఫొటోగ్రాఫరు కెమెరా సర్దుకుంటున్నాడు. కరస్పాండెంట్‌గారు తలుపు వైపు తిరిగి జూనియర్లను పిలిచాడు.

"ఏం సూస్తున్నరు ఆడ నిలవడి? లోపటికి రాండ్రి. నా పేరు కొట్టుడు మీకొస్తదా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆయన నా వైపు చూడకుండా, పక్క కంప్యూటర్ మీది కవరు తానే లాగి పడేసి, అందరికంటే ముందున్న అమ్మాయికి కుర్చీ జరిపాడు.

"కూసో బిడ్డా" అన్నాడు.